సబఖ్

సబఖ్, మసీదు బడిలోని రోజువారీ పాఠమా, నిన్ను పొగడాలంటే ముందు నీ వేళ చెప్పాలి. ఫజర్ నమాజు ముగిసి పెద్దవాళ్లు చెప్పులు వెతుక్కుంటూ మసీదు మెట్లు దిగుతుంటే, పిల్లలు ఎక్కుతుంటారు. బడిగంటకు ఇంకా చాలా టైముంది. వీపున స్కూలు సంచి, చేతిలో గుడ్డలో చుట్టిన అక్షరాల పుస్తకం, కాయిదా. వజూ చేసిన చేతుల తడి చొక్కాకే తుడుచుకుని చాప మీద బాసింపట్టు వేస్తారు. పుస్తకం పెట్టుకునే రిహల్ చెక్కలు విచ్చుకుంటాయి. గుంటూరులో, కడపలో, నెల్లూరులో, కర్నూలులో ఆ వేళకు నువ్వు మొదలవుతావు.

నువ్వు పెద్దదానివేం కాదు. ఒక రోజు ఒక గీత, ఒక రోజు అర పేజీ. పిల్లవాడి నోట పట్టినంత. పైగా ఎవరి సబఖ్ వాళ్లది. ఒకడు ‘అలిఫ్ జబర్ అ’ దగ్గర ఉంటే వాడి మోకాలికి మోకాలు తగిలిస్తూ కూర్చున్న పిల్ల యాసీన్ సూరాలో ఉంటుంది. తరగతి మొత్తం ఒకే పేజీ మీద నడవాలన్న పట్టు నీకెన్నడూ లేదు. అన్ని గొంతులూ అన్ని చోట్ల ఒక్కసారే లేస్తాయి. ఆ హోరులో ఎక్కడో మూలన ఒక పిల్ల జారవిడిచిన ఒక్క దీర్ఘం పాఠం చెప్పే హజ్రత్ చెవికి ఎలా దొరుకుతుందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. కళ్లు అరమూసుకుని ఉన్న మనిషి వేలెత్తుతారు. “ఫిర్ సే.” మళ్లీ చదువు.

నిన్ను పొగడటమంటే నాకు ఆ చెవిని పొగడటమే.

తెలుగు నోటికి నువ్వు తేలిగ్గా లొంగవు. ళకారాన్నీ ణకారాన్నీ ఆడుతూ పాడుతూ పలికే నాలుక ‘ఐన్’ ముందు తెల్లబోతుంది. ఆ అక్షరం నాలుక మీద లేదు, గొంతు మధ్యలో ఉంది. ‘ఖాఫ్’ కావాలంటే నాలుక మొదలు వెనక్కి పోయి కొండనాలుక వైపు లేవాలి. ఇక ‘జ్వాద్’ ఉందే, నాలుక అంచు పై దవడ పళ్ల పక్కన ఆనాలి. దాన్ని ఎలా పలకాలో పెద్ద పెద్ద పండితులు, ఆలిములే వాదులాడుకున్నారు, ఏడేళ్ల పిల్లనేమనగలం? అయినా హజ్రత్ అంటారు. మళ్లీ అనిపిస్తారు. అక్షరం పుట్టే చోటు పేరు మఖ్రజ్. 8వ శతాబ్దిలో సీబవైహ్ తన అరబ్బీ వ్యాకరణంలో అలాంటి చోట్లు 16 అని లెక్కగట్టాడు. ఆరు వందల ఏళ్ల తర్వాత డమాస్కస్‌లో పుట్టిన ఇబ్న్ అల్ జజరీ 17 అన్నాడు. ఆయన ఈ శాస్త్రమంతా నూరుకు కాస్త పైబడిన చిన్న పద్యాల్లో కూర్చిపెట్టాడు. ఈ ఉచ్చారణ విద్య, తజ్వీద్ నేర్చేవాళ్లు వాటిని నేటికీ కంఠతా పడతారు. కంఠ్యాలనీ తాలవ్యాలనీ వేరుచేసి, ఘనపాఠీలకు శాలువాలు కప్పిన గడ్డ మనది. స్వరం తప్పకుండా నిలబెట్టడం ఎంత కష్టమో ఇక్కడ ఎవరికీ విప్పి చెప్పనక్కర్లేదు.

ఆ ‘ఫిర్ సే’ ఎంత దూరం నుంచి వచ్చిందో చూడు. ఇరాక్‌లోని కూఫా మసీదులో అబూ అబ్దుర్రహ్మాన్ సులమీ అనే గురువు సుమారు నలభై ఏళ్లు కూర్చుని ఖురాన్ చెప్పారు. ఆయన ప్రవక్త సహచరుల ముందు కూర్చుని విన్నవారు. ఆయన దగ్గర ఆసిమ్ విన్నారు. ఆసిమ్ దగ్గర ఆయన ఇంట్లోనే పెరిగిన సవతి కొడుకు హఫ్స్ విన్నారు. హఫ్స్ 796లో పోయారు. ఇవాళ లోకంలో ఎక్కువమంది ముస్లింలు చదివేది ఆ హఫ్స్ చదివిన తీరే. ఒంగోలు పిల్ల ‘మాలికి’ అని మొదటి అక్షరాన్ని సాగదీస్తోందంటే, ఆమె హజ్రత్ అలా విన్నారు, ఆయన ఉస్తాద్ అలా విన్నారు, వెనక్కి వెనక్కి వెళితే కూఫా మసీదులో ఒకాయన అలా విన్నాడు. ఈ వరస అంతా పేర్లతో రాసి, చివర శిష్యుడి పేరు చేర్చి ఇచ్చే కాగితాన్ని సనద్ అంటారు. అందులో నీకెన్ని మార్కులు అని ఉండదు. ఎవరి ముందు కూర్చున్నావు అని ఉంటుంది.

పుస్తకం లేక కాదు ఇదంతా. ప్రవక్త కన్నుమూసిన కొద్ది నెలలకే యమామా యుద్ధంలో ఖురాన్ నోటికొచ్చిన వాళ్లు ఎందరో నేలకొరిగారు. ప్రవక్త సహచరుడు ఉమర్ భయపడ్డారు, ఖురాన్‌నంతా ఒకచోట చేర్చమని ఖలీఫా అబూబక్ర్‌ను తొందరపెట్టారు. జైద్ బిన్ సాబిత్ అనే యువకుడి మీద భారం పెట్టారు. ఆ పని కన్నా కొండను కదపమన్నా తేలికేనని అతనికి అనిపించిందట. ఖర్జూరపు మట్టల మీద, పలచటి రాళ్ల మీద ఉన్న రాతలన్నీ సేకరించాడు. రాత దొరికితే చాలనుకోలేదు, మనుషుల గుండెల్లో ఉన్నదానితో సరిచూశాడు. పుస్తకానికి మనిషి సాక్ష్యం కావాలన్న పట్టు ఆనాటిది.

గజాలీ కథ కూడా ఉంది. 1111లో పోయిన ఆ మహాపండితుడు కుర్రతనంలో జుర్జాన్‌లో చదువుకుని సొంతూరు తూస్‌కు తిరిగొస్తుంటే దారిలో దొంగలు పడ్డారు. అన్నీ తీసుకోండి, నా రాతల సంచి ఒక్కటి ఇచ్చేయండి, నా చదువంతా అందులోనే ఉందని బతిమాలాడు. దొంగల నాయకుడు పకపకా నవ్వాడట: సంచీ పోతే పోయే చదువు చదువెలా అవుతుందని. సంచి తిరిగిచ్చేశాడు కానీ ఆ నవ్వు గజాలీని వదల్లేదు. మూడేళ్లు కూర్చుని రాసుకున్నదంతా కంఠస్థం చేశాడు. దారిదోపిడీ వాడు కూడా ఉస్తాద్ అయిన ఈ కథను నువ్వు సిగ్గుపడకుండా చెప్పుకుంటావు చూడు, సబఖ్, అది నాకు నచ్చుతుంది.

పడమటి ఆఫ్రికాలో నీ రూపం వేరు. అక్కడ నువ్వు చెక్క పలక మీద ఉంటావు. మసితో, తుమ్మజిగురుతో చేసిన సిరా. రెల్లు కలం. పిల్లవాడు ఆ రోజు భాగం రాసుకుంటాడు, గురువు దిద్దుతాడు, రాత్రి మంట వెలుగులో గట్టిగా చదువుతాడు. నోటికొచ్చిందని ఒప్పజెప్పాకే పలక కడుక్కోవడానికి అనుమతి. అక్షరం నీళ్లలో కలిసిపోతే తప్ప కొత్త అక్షరానికి చోటు లేదు. చెరిపేసే హక్కును కూడా సంపాదించుకోవాల్సిన చదువు అది. ఇప్పుడు నైజీరియాలో ఉన్న సొకోటోలో మతపండితుడు ఉస్మాన్ దాన్ ఫోదియో కూతురు నానా అస్మావు (1793–1864) ఇంకో దారి పట్టింది. పల్లెటూళ్ల ఆడవాళ్లు పలక దగ్గరికి రాలేరని, పలకలోని మాటల్ని పాటలుగా కట్టింది. ఊరూరికీ జాజీలనే పెద్దమ్మలను ఎంచి, వాళ్ల తలకు మల్ఫా టోపీ పెట్టి పంపింది. వాళ్లొచ్చి నేర్చుకుని, వెళ్లి పదిమందికి నేర్పారు. మన వీధుల్లో మధ్యాహ్నం ఇంటిపని సర్దుకుని, వసారాలో పదిమంది ఆడపిల్లల్ని కూర్చోబెట్టుకుని చదువు చెప్పే ఆపాలను చూసినప్పుడల్లా నాకు ఆ టోపీలు గుర్తొస్తాయి. మన ఆపాకు టోపీ లేదు, జీతమూ అంతంతే.

ఎవరికి చెందుతావు నువ్వు? ఈ ప్రశ్నకు ఖురాన్ చివరి భాగమైన ముప్పయ్యో పారాలో, పిల్లలు మొట్టమొదట బట్టీ పట్టే భాగంలోనే జవాబుంది. అబస సూరా. మక్కా పెద్దలతో మాటల్లో ఉన్న ప్రవక్త దగ్గరికి చూపులేని అబ్దుల్లా ఇబ్న్ ఉమ్మె మక్తూమ్ నేర్చుకుందామని వచ్చాడు. ప్రవక్త మొహం చిట్లించి పక్కకు తిరిగారు. దాని మీదే మందలింపు దిగింది, దేవుడి నుంచి దేవుడి దూతకు. నేర్చుకోవడానికి వచ్చినవాడు ముందు, ఊరిపెద్దలు తర్వాత. తనకు పడిన మందలింపును తన నోటితోనే వినిపించి, తరతరాల పిల్లల చేత చదివించిన గురువును తలచుకుంటే చేతులు వాటంతటవే ముకుళించుకుంటాయి. బద్ర్ యుద్ధం సంగతి కూడా ప్రవక్త జీవితం చెప్పే సీరా గ్రంథాల్లో ఉంది. పట్టుబడిన శత్రువుల్లో డబ్బు కట్టలేని, అక్షరం వచ్చిన ఖైదీలకు మదీనా పిల్లలు పదేసిమందికి రాయడం నేర్పితే విడుదల. అంటే, ఆ పిల్లల తొలి పంతుళ్లలో కొందరు నిన్నటి దాకా కత్తి పట్టినవాళ్లే! మదీనా మసీదు పక్కన సుఫ్ఫా అనే నీడపట్టు అరుగు మీద ఇల్లూవాకిలీ లేనివాళ్లు చదువుకుంటూ బతికారు. వేల హదీసులను అందించిన అబూ హురైరా ఆ అరుగు మీది మనిషే. ఆ అరుగు నేటికీ ఉన్నట్టే లెక్క. ఫీజు లేకుండా, అన్నం పెట్టి చదివించే మదర్సా ప్రతిదీ దాని కొనసాగింపే. జకాత్ మీద, చందా రసీదుల మీద, బక్రీదుకు పోగైన తోళ్ల మీద, వంతులవారీగా ఇళ్ల నుంచి హజ్రత్‌కు వచ్చే క్యారేజీల మీద నడుస్తుంది.

నీకు గొప్ప భవనాలూ ఉన్నాయి. బీదర్‌లో బహమనీ మంత్రి మహమూద్ గవాన్ 1472లో కట్టించిన మూడంతస్తుల మదర్సా, సగం కూలినా, నీలిరంగు పలకల్ని ఇంకా మోస్తూనే ఉంది. కానీ నాకు దేవ్‌బంద్ మదర్సా మొదలైన దానిమ్మ చెట్టే ఇష్టం. 1866లో ఛత్తా మసీదు ఆవరణలో ఆ చెట్టు కింద ఒక గురువు, ఒక శిష్యుడు. ఇద్దరి పేరూ మహమూదే. హైదరాబాదులో 1876లో జామియా నిజామియా వెలిసింది. దాన్ని స్థాపించిన అన్వారుల్లా గారు 1888లో దాయిరతుల్ మఆరిఫ్ పెట్టినవారిలోనూ ఉన్నారు. అరబ్బీ రాతప్రతులను వెతికి అచ్చువేసే ఆ సంస్థ అల్ బీరూనీ ఖగోళ గ్రంథాన్ని కూడా వెలుగులోకి తెచ్చింది. ఆలిమ్ చదువు పాఠ్యక్రమానికి దర్సె నిజామీ అని పేరు. లక్నో ఫిరంగీ మహల్‌కు చెందిన ముల్లా నిజాముద్దీన్ 18వ శతాబ్దిలో దాన్ని కూర్చినప్పుడు తర్కమూ గణితమూ అందులో దండిగా ఉన్నాయి. ఆ గణితం ఎక్కడ సన్నగిల్లిందో నిన్నే అడగాలి.

అడుగుతాను కూడా. పొగడ్తల మధ్య నీ మీద ఫిర్యాదులున్నాయి. హజ్రత్ పక్కన చెవితో పాటు బెత్తం కూడా ఎందుకుంటుంది? 1377లో ఇబ్న్ ఖల్దూన్ తన ముఖద్దిమాలో రాసిపెట్టాడు: దెబ్బలతో పెరిగిన పిల్లవాడు కుంగిపోతాడని, దెబ్బ తప్పించుకోవడానికి అబద్ధం నేర్చుకుంటాడని, ఆ అబద్ధమే వాడి స్వభావమైపోతుందని. ఇంత స్పష్టంగా చెప్పినా బెత్తం మూలకు చేరడానికి ఎన్ని వందల ఏళ్లు! అర్థం తెలియకుండా చదివించే సంగతీ అంతే. సెవిల్ న్యాయమూర్తి ఇబ్న్ అల్ అరబీ ముందు భాష, కవిత్వం, తర్వాత లెక్కలు, ఆ తర్వాతే ఖురాన్ నేర్పమన్నాడు. మంచి పద్ధతేనని ఇబ్న్ ఖల్దూన్ ఒప్పుకున్నాడు, కానీ అలవాటు ఒప్పుకోదన్నాడు. ఎదిగాక చేజారిపోతారేమోనని తల్లిదండ్రులు పసితనంలోనే ఖురాన్ నేర్పేస్తారు అన్నాడు. నూర్‌బాషాల ఇంటి పిల్ల తెలుగులో పుట్టి తెలుగులోనే కలలు కంటుంది. అరబ్బీ ఆయత్‌కు ఉర్దూలో అర్థం చెబితే ఆమెకు అది రెండు నదుల అవతల ఉన్నట్టే. మతబోధ, దీనియాత్ పాఠం తెలుగులో చెప్పే హజ్రత్‌లు ఇప్పుడు కొన్ని ఊళ్లలో కనిపిస్తున్నారు. వాళ్ల సంఖ్య పెరగాలి. ఈజిప్టు పల్లెలో చూపులేని తాహా హుసేన్ తొమ్మిదేళ్లకే ఖురాన్ కంఠస్థం చేసి, మరిచిపోయి, తండ్రి ముందు నోరు పెగలక తలదించుకున్నాడు. తన పల్లె గురువును స్వీయచరిత్ర ‘అల్ అయ్యామ్’లో ఎంత నవ్వుతూ ఎండగట్టాడో! 1950లో విద్యామంత్రి అయ్యాడు, సెకండరీ చదువుకు ఫీజు లేకుండా చేశాడు. నీ మీద అలిగినవాడు కూడా నీ పనే చేశాడు.

మరిచిపోవడం నీకు తెలియని విషయం కాదు. అందుకే రోజూ కొత్త సబఖ్ ఒక్కటే ఉండదు. చదువుతున్న పారా మొత్తం సబఖ్ పారాగా ఒప్పజెప్పాలి. పాత పారాలు ఆమూఖ్తాగా తిరగెయ్యాలి. ముందుకు ఒక పేజీ, వెనక్కి ఇరవై పేజీలు. ముప్పై పారాలూ, 114 సూరాలూ అలా రెండు మూడేళ్లలో లోపలికి చేరతాయి. గురువారం తిరగేత, శుక్రవారం సెలవు, శనివారం పొద్దున్నే మళ్లీ వేలు లేస్తుంది.

అలా ఖురాన్ అంతా నోటికొచ్చిన పిల్లవాడు హాఫిజ్ అవుతాడు, తలపాగా కడతారు. ఆ ఏటి రంజానులో తరావీహ్ నమాజుకు వాణ్నే ముందు నిలబెడతారు. మీసకట్టు ఇంకా సరిగా రాలేదు. వెనక మొదటి వరుసలో, సరిగ్గా వాడి వీపు వెనక, హజ్రత్ నిలబడతారు. సామి అంటే ఆయనే, వినేవాడు. రాత్రికి ఒక పారాకు కాస్త పైగా సాగుతుంది. ఎక్కడో పోలికలున్న రెండు ఆయత్‌ల దగ్గర వాడు ఈ సూరాలోంచి ఆ సూరాలోకి జారిపోబోతాడు. వెనక నుంచి తగ్గు గొంతులో రెండే రెండు మాటలు, లుక్మా. వాడు అందుకుంటాడు, దారిన పడతాడు. వరుసల్లో ఉన్నవాళ్లలో చాలామందికి ఏం జరిగిందో కూడా తెలియదు.

ఇరవై ఏడో రాత్రి ఖత్మ్, ఖురాన్ ముగింపు. 19వ రకాత్‌లో నాస్ సూరాతో 114 పూర్తవుతాయి. ఆఖరి రకాత్‌కు లేచి వాడు ఫాతిహా చదివి, అక్కడితో ఆగకుండా అలిఫ్ లామ్ మీమ్ అని బఖరా సూరా మొదలుపెడతాడు, ఖత్మ్ ఆచారం అది. సలాం తిప్పాక మిఠాయి పొట్లాలు పంచుతారు, మెళ్లో దండలు వేస్తారు, ఫోన్లలో ఫోటోలు తీస్తారు. జనం పలచబడ్డాక హజ్రత్ వాణ్ని దగ్గరికి పిలిచి, భుజం మీద చెయ్యేసి, పదకొండో పారాలో ఒకచోట దీర్ఘం తక్కువైంది బేటా, ఈద్ వెళ్లాక రెండో రోజు నుంచి ఫజర్‌కు వచ్చెయ్, మొదటి పారా నుంచి దౌర్ చేద్దాం అంటారు.