రెండవ కోత

ఆంగ్ల రచయిత్రి రేచల్ కస్క్ 2012లో ప్రకటించిన “ఆఫ్టర్‌మాత్” అను స్వీయకథను మేము మిక్కిలి యాశతో నారంభించి, ఖేదముతో ముగించితిమి. ఆ పేరునకు మూలార్థము, గడ్డి కోసిన పిదప మరల మొలచు రెండవ కోత. మన చెఱకుతోటలలోని కార్శి వంటిది. నలువదియేండ్లు దాటిన పిమ్మట దాంపత్యము చెడి, ఇద్దరు కుమార్తెలతో నూతనజీవితమును దిద్దుకొనవలసివచ్చిన తల్లి తన గ్రంథమున కీ పేరిడుట యుచితమే.

మా యాశకు కారణము 2001 నాటి యామె గ్రంథము, “ఎ లైఫ్స్ వర్క్”. తొలిచూలి తల్లి నిద్రలేని రాత్రులు, ఏల యేడ్చునో తెలియని శిశువు, చన్నిచ్చుటలోని శ్రమ, తన వెనుకటి మనిషి యేమైనదో యని వెదకికొనుట, అన్నియు నందు దాపఱికము లేక చెప్పబడినవి. తల్లిని కీర్తింప నుత్సహించి, ఆమె పాట్లను వినుటకు జంకు లోకము రచయిత్రిని నిందించినది. మా గృహిణి మాత్రము చదివి, “ఇన్నాళ్లును ఈ సంగతి యెవరును వ్రాయరేమండీ?” అని యడిగినది.

రెండవ గ్రంథమునకు నిందలు మఱింత హెచ్చు. నిర్దయమైన విమర్శలకై యిచ్చు నొక బహుమానము 2013లో దీనిపై వచ్చిన విమర్శకే దక్కినది! ఇంటిమాట వీధి కెక్కించె నని కొందఱి కోపము. మా ఫిర్యాదు వేఱు: ఇంటిమాట చెప్పనే లేదు.

భర్త న్యాయవాదవృత్తిని మాని పిల్లలను సాకెను. భార్య వ్రాసి సంపాదించెను. విడిపోవునపుడు అతడు సమస్తమునందును, బిడ్డలయందును, సగపాలు కోరగా, బిడ్డలు నావారని యామె యనెను. భర్తను తానే పోషింపవలసి యుండునని న్యాయవాది చెప్పగా విస్తుపోయెను. స్త్రీపురుషసామ్యమును కోరు మనవంటివా రాగి చదువవలసిన ఘట్టమిది. కోరిన సామ్యమే తన గడప తొక్కినపుడు, ఆమె యాదికాలపు తల్లిహక్కును పట్టుకొనినది. ఈ విరోధము నామె యెఱుగును, ఒప్పుకొనును. ఆ నిజాయితీకి మా నమస్కారము.

కాని అచ్చట నిలువదు. వెంటనే అగమెమ్నాన్, క్లైటెమ్నెస్ట్రా మొదలగు యవన పురాణపాత్రములు వచ్చి కూర్చుందురు. పురాణముతో సంసారమును పోల్చుట మాకు క్రొత్త గాదు. బడిలో నిత్యమును చేయు పనియే. ఐనను ఉపమానము ఉపమేయమును మ్రింగరాదు గదా. తండ్రి యిన్నియేండ్లు దినమెల్ల నేమి చేసెను? ఉదయమున పిల్లల జడ లెవ్వరు వేసిరి? “నావారు” అను మాట యా బాలికలు విన్నచో నేమనుకొందురు? ఒక్కదానికిని బదులు లేదు. పన్ను పీకించుకొనిన కథకు మాత్ర మొక యధ్యాయమే కలదు.

కడపటి యధ్యాయము, విదేశమునుండి యొక యింట పిల్లలను చూడవచ్చిన యువతి కంటితో, కల్పితకథగా నడచును. చిత్రమేమన, ఆ యిల్లు మాకు గనబడిన దచ్చటనే: గదులు, పిల్లలు, వేదనపడు గృహిణి. “నేను” అను మాటను విడిచినగాని యామెకు ఇంటిలోనికి దారి దొరకలేదు కాబోలు.

2014లో వచ్చిన “ఔట్‌లైన్” అను నవలలో కథ చెప్పునామె తన్నుగూర్చి మితముగా పలికి, ఇతరుల మాటలను శ్రద్ధతో వినును. అది మాకు నచ్చినది. ఐనను పిల్లలను సాకిన యా తండ్రి మాట మా చెవి బడలేదు.