వ్యాక్సిన్‌కి విలన్ కావాలా?

వివేక్ అగ్నిహోత్రి తీసిన 'ది వ్యాక్సిన్ వార్' (2023) చూశాక నన్ను ఇబ్బంది పెట్టింది సినిమా పేరులోని రెండో మాట. యుద్ధం వైరస్ మీదే అనుకుని కూర్చుంటాం. పోనుపోను అది ప్రశ్నలు అడిగేవాళ్ల మీదకి మళ్లుతుంది.

ఐసీఎంఆర్ అప్పటి డైరెక్టర్ జనరల్ బలరాం భార్గవ రాసిన 'గోయింగ్ వైరల్' దీనికి ఆధారం. భార్గవగా నానా పాటేకర్, పుణే ఎన్‌ఐవీ అప్పటి డైరెక్టర్ ప్రియా అబ్రహాంగా పల్లవి జోషి కనిపిస్తారు. ల్యాబుల్లో పగలూ రాత్రీ పనిచేసిన మహిళా శాస్త్రవేత్తల్ని ముందు నిలబెట్టడం బాగుంది. మన సినిమాల్లో ఇది అరుదు.

కానీ విలన్‌గా ఒక జర్నలిస్టును పెట్టారు. అక్కడే కథ తేలిపోయింది. ఎందుకంటే కోవాగ్జిన్ అసలు కథలో టెన్షన్‌కి కొదవ లేదు. పుణేలో వేరుచేసిన వైరస్‌ని మన జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ కణాల్లో పెంచి, రసాయనంతో చంపి, రోగనిరోధక శక్తిని రెచ్చగొట్టే అడ్జువెంట్ కలిపింది. చచ్చిన వైరస్‌తో టీకా అనేది 1955 నాటి సాల్క్ పోలియో టీకా దారే. కష్టమంతా వేగంతోనే వచ్చింది. 2020 జులై 2 నాటి లేఖలో ఐసీఎంఆర్ ఆగస్టు 15ని లక్ష్యంగా పెట్టింది. 2021 జనవరి 3న, మూడో దశ ట్రయల్ ఫలితం రాకముందే, అత్యవసర అనుమతి వచ్చింది. ఆ నెల 16 నుంచి ఈ టీకా వేసుకున్నవాళ్లు సమ్మతి పత్రం మీద సంతకం పెట్టాల్సి వచ్చింది. సుమారు 25,800 మంది మీద చేసిన ట్రయల్‌లో 77.8 శాతం సామర్థ్యం ఉందని లాన్సెట్‌లో అచ్చయింది నవంబర్‌లో.

నా ఉద్యోగ భాషలో చెప్పాలంటే, టెస్ట్ రిపోర్ట్ రాకముందే ప్రొడక్షన్‌లో పెట్టారు. మంటలు అంటుకున్నప్పుడు తప్పదు, అందరం చేస్తాం. కానీ రిపోర్ట్ ఏదని అడిగిన టెస్టర్‌ని ద్రోహి అనం.

మా భైంసాలో బయోటెక్నాలజీ అంటే ముందు గుర్తొచ్చేది బీటీ పత్తే. 2002లో దేశంలోకి వచ్చింది. మొదట్లో పురుగు తగ్గింది, తర్వాత గులాబీ రంగు పురుగు దానికి అలవాటుపడి తిరిగొచ్చింది. అందుకే టీకా మాట ఎత్తితే మా పెద్దబాపు, "కొత్త ఇత్తనం ముందుగాల ఎకురంల ఏసి చూస్తం గదరా, దీని పంట ఎవ్వలన్న చూసిండ్రా?" అన్నాడు. అది సైన్స్‌కి వ్యతిరేకం ఎట్లా అవుతుంది? ట్రయల్ అంటే ఆ ఎకరమే కదా. లెక్కలు వచ్చాక ఆయనకి చూపించగలిగే జవాబు దొరికింది. నినాదం ఆ పని చేయలేదు.

సందేహానికీ పుకారుకీ తేడా మా ఊరికి బాగా తెలుసు. 2020 జనవరిలో, 2021 మార్చిలో ఇక్కడ ఘర్షణలు జరిగాయి. పక్కవాణ్ణి శత్రువుగా చూపించడం ఎంత తేలికో, తర్వాత ఆ మాట వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో చూశాం. ప్రశ్నించేవాళ్లని ఆ జాబితాలో చేర్చే సినిమా రేపటి టీకాకే నష్టం చేస్తుంది.

ల్యాబ్ సన్నివేశాల కోసం చూడండి. అనుమతికీ లాన్సెట్ ప్రచురణకీ మధ్య ఆ పది నెలల కథని మాత్రం ఎవరైనా మళ్లీ తీయాలి. ఈసారి విలన్ లేకుండా.