గ్రంథస్వామ్యం: మినహాయింపులో ఒక వెలితి

పాఠ్యగ్రంథంగా నిర్ణయించిన పుస్తకం బజారులో దొరకకపోవడం ఆంధ్రేతర ప్రాంతాల తెలుగు విద్యార్థికి కొత్త సంగతి కాదు. అధ్యాపకుని వద్దనున్న ఒక్క ప్రతి జిరాక్సు దుకాణానికి వెళుతుంది. తరగతి అంతా దానితోనే గట్టెక్కుతుంది. ఇది తప్పా అని విద్యార్థులు తరచు అడుగుతారు.

1957 నాటి గ్రంథస్వామ్య చట్టంలో 52వ సెక్షను దీనికి జవాబు. బోధనలో భాగంగా అధ్యాపకుడు గాని విద్యార్థి గాని తీసుకొనే ప్రతి హక్కుభంగం కాదు. దీని విస్తృతి ఢిల్లీ విశ్వవిద్యాలయం కేసులో తేలింది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి ప్రచురణ సంస్థలు, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ కలిసి 2012లో ఆవరణలోని రామేశ్వరి ఫోటోకాపీ దుకాణం మీద, విశ్వవిద్యాలయం మీద దావా వేశాయి. 2016 సెప్టెంబరులో హైకోర్టు న్యాయమూర్తి దానిని కొట్టివేశారు. బోధన అంటే తరగతిగది ఉపన్యాసం మాత్రమే కాదని డిసెంబరులో ద్విసభ్య ధర్మాసనం కూడ అన్నది; అయితే ప్రతులు బోధనకు అవసరమైన మేరకే ఉన్నాయా అన్నది విచారణలో తేల్చమన్నది. 2017లో ప్రచురణకర్తలే దావా ఉపసంహరించుకున్నారు. పుటల లెక్క కంటె ఈ కొలతే మేలని మా అభిప్రాయం. చిన్నకథ మొత్తం చదవనిదే పాఠం సాగదు. నవలలో ఒక ప్రకరణం చాలవచ్చును.

మాకు అసంతృప్తి కలిగించేది గ్రంథాలయాల నిబంధన. లాభాపేక్ష లేని ప్రజాగ్రంథాలయం ఒక పుస్తకానికి మూడు ప్రతులకు మించకుండ తీసుకోవచ్చును, కాని ఆ పుస్తకం భారతదేశంలో అమ్మకానికి దొరకనిదై ఉండాలి. విదేశీ పుస్తకాలను తలచుకొని వ్రాసినట్లుంది! విజయవాడ అంగడిలో నాలుగు ప్రతులు మూలుగుతున్నంతకాలం బరంపురం గ్రంథాలయానికి ఈ వెసులుబాటు లేదు. దేశాన్ని లెక్కించిన చట్టం భాష పొలిమేరలను లెక్కించలేదు.

పాతవారి విషయం సులువు. రచయిత మరణించిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్లు హక్కు నిలుస్తుంది. గిడుగు రామమూర్తి 1940లో మరణించారు గనుక, ఆయన జీవించి ఉండగా ప్రచురించిన రచనలు ఇప్పుడు అందరివీ. ఒడిశాలోని పర్లాకిమిడి విద్యార్థి తన ఊళ్లో పనిచేసిన పండితుని పుస్తకాన్ని ఎవరినీ అడగకుండ అచ్చువేసుకోవచ్చును. కొత్త ముద్రణలోని పీఠిక, వివరణలు మాత్రం వాటిని వ్రాసినవారివి.

1976లో మరణించిన విశ్వనాథ, 1979లో మరణించిన చలం రచనలకు అట్లు కాదు. 2036, 2039 చివరి వరకు ఆగాలి. అంతవరకు వారి అలభ్య గ్రంథాలకు ఆ మూడు ప్రతుల నిబంధనే ఆధారం. గ్రంథపాలకులు ముందుగా ప్రచురణకర్తకు ఉత్తరం వ్రాసి, ప్రతులు లేవన్న జవాబును ఫైలులో భద్రపరచుకోవడం మంచిది.