ఖాళీ చేతుల మాంత్రికుడు

కథ మొదట్లో ఒక కుర్రవాడు మోకరిల్లుతాడు. రోక్ దీవిలో మాంత్రికుల బడి ఉంది. దాని లోపలి ముంగిట్లో నీటిధార చిమ్ముతూ ఉంటుంది. అక్కడ ఎన్లాడ్ రాకుమారుడు ఆరెన్, ప్రధాన మాంత్రికుడు గెడ్ ముందు మోకాళ్ల మీద వాలి తనను సేవకు తీసుకోమంటాడు. చివర్లో అదే రోక్‌లో, అందరి కళ్లముందూ, గెడ్ వచ్చి ఆ కుర్రవాడి ముందు మోకరిల్లుతాడు. ఉర్సులా కె. లెగ్విన్ 1972లో రాసిన ‘ది ఫార్దెస్ట్ షోర్’ నవలంతా ఈ రెండింటి మధ్య నడుస్తుంది. ఎర్త్‌సీ అనే దీవుల లోకం మీద ఆమె రాసిన మూడో పుస్తకమిది. 1973లో బాలసాహిత్య విభాగంలో అమెరికా నేషనల్ బుక్ అవార్డు అందుకుంది.

లోకంలో మంత్రాలు పనిచేయడం మానేస్తున్నాయి. ఎందుకో కనుక్కోవడానికి గెడ్, ఆరెన్ ‘లుక్‌ఫార్’ అనే చిన్న పడవలో బయల్దేరతారు. ఈ కీడును చూపించడానికి లెగ్విన్ సైన్యాలను దింపలేదు, కోటలు తగలబెట్టలేదు. హోర్ట్ టౌన్ సంతలో, ఒకప్పుడు కనికట్టు విద్య తెలిసిన ఆడమనిషి ఇప్పుడు గొంతు చించుకుని నాసిరకం గుడ్డలు అమ్ముతుంటుంది. లోర్బనరీ పట్టుకు పేరుమోసిన దీవి. అక్కడ అద్దకం పని చెడిపోయింది. ఊరివాళ్లను అడిగితే, అసలు ఆ విద్యే ఎన్నడూ లేదన్నట్టు మాట్లాడతారు. నన్ను అన్నిటికన్నా భయపెట్టింది ఇదే. పనితనం పోవడం ఒక నష్టం. అది ఉండేదన్న జ్ఞాపకం కూడా పోవడం అంతకన్నా పెద్ద నష్టం. లోకం చెడిందని చెప్పడానికి వెలిసిపోయిన ఒక రంగు చాలునని ఈ రచయిత్రికి తెలుసు.

దీనంతటికీ మూలం కాబ్ అనే మాంత్రికుడు. చావంటే భయపడి, బతుకుకూ చావుకూ మధ్య తలుపు తెరిచాడు. బాలనాగమ్మ కథ విన్నవాళ్లకు ఈ భయం తెలిసిందే. మాయలపకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో దాగి ఉంటుంది. అయితే చిలక మెడ విరిస్తే ఆ కథ ముగుస్తుంది, ఇక్కడ అంత తేలిక లేదు. ఒకప్పుడు కాబ్‌కు బుద్ధి చెప్పాలని గెడ్ కోపంతో చేసిన పనే అతనిలో ఆ భయాన్ని పెంచింది. నాయకుడు తన పాత అహంకారానికి మూల్యం కట్టడానికే ఇంతదూరం వచ్చాడు.

కథనాన్ని గెడ్ మనసులోంచి కాక ఆరెన్ కళ్లతో నడపడం ఈ నవల పనితనంలో అసలు కీలు. పెద్దాయన ఎందుకు శక్తి వాడడో కుర్రవాడికి అర్థం కాదు, మనకూ కాదు. అతనితో పాటే మనమూ విసుక్కుంటాం, అనుమానిస్తాం. ఒబెహోల్ తీరంలో ఈటె తగిలి గెడ్ పడిపోయాక, ఆరెన్ పడవను దాని మానాన వదిలేసి ఊరికే కూర్చుంటాడు. కాబోయే రాజును ఇంత దిగజారిన స్థితిలో చూపించడానికి ధైర్యం కావాలి. తర్వాత కోలుకున్న గెడ్ ఒక్క నిష్ఠూరమాడడు. పైగా ఇక దారి చూపేవాడివి నువ్వేనంటాడు. నాయకత్వం చేతులు మారేది పట్టాభిషేకం రోజున కాదు, ఆ మాట దగ్గరే.

చివరికి చచ్చినవాళ్ల ఎండునేల మీద ఆ తలుపు మూయడానికి గెడ్ తన శక్తినంతా ఖర్చుపెడతాడు, చుక్క కూడా మిగుల్చుకోడు. ఆ ఖాళీ మనిషిని కొండల మీదుగా ఈడ్చుకొచ్చేది ఆరెన్. ఎర్త్‌సీలో ఎనిమిది వందల ఏళ్లుగా ఖాళీగా ఉన్న సింహాసనానికి అతను వారసుడైంది ఈ మోతతోనే.

లోపం లేదనను. ఈ కథలో ఆడవాళ్లకు చోటు బహు తక్కువ, రోక్ బడి మగపిల్లలదే. లెగ్విన్ ఆ సంగతి తానే గుర్తించి, 1990లో ‘తెహాను’లో అదే లోకాన్ని ఒక స్త్రీ వైపునుంచి మళ్లీ రాసింది.

1968 నాటి మొదటి పుస్తకం నుంచి వరసగా చదవండి. అందులో కుర్ర గెడ్ గురువుతో కలిసి వానలో తడుస్తాడు, వానను ఆపగల గురువు ఆపడు. ఆ వాన గుర్తుంటే, మూడో పుస్తకంలో గెడ్ మౌనం మీకు వేరే వివరణ లేకుండానే అర్థమవుతుంది.