కథను తానే మోసుకొచ్చే పాట

సినిమా పాట వెనక సినిమా ఉంటుంది. ఎవరు ఎవరిని ప్రేమించారో, ఎందుకు విడిపోయారో కథ అప్పటికే చెప్పేసి ఉంటుంది. పాట వచ్చి ఆ బాధకో సంతోషానికో రాగం కడుతుంది. సినిమాతో పనిలేకుండా పుట్టిన పాటకు ఆ ఆసరా లేదు. పాడేది ఎవరు, ఎవరితో పాడుతున్నారు, మధ్యలో తగవేమిటి అనేవన్నీ మొదటి చరణం ముగిసేలోపే తేలిపోవాలి. ఈమధ్య నేను మళ్లీ మళ్లీ వింటున్న తెలుగు పాటలన్నీ ఇలాంటివే. సినిమా పాటల గురించి ఎంత శ్రద్ధగా మాట్లాడుకుంటామో వీటి పనితనం గురించీ అంత శ్రద్ధగా మాట్లాడుకోవాలి.

ఈ పాటల విలువ సొంతూళ్లో కంటే వలస వెళ్లిన చోట బాగా తెలుస్తుంది. సూరత్‌లోని ఆల్థాన్ ప్రాంతాన్నే తీసుకోండి. ఒకవైపు పాండేసరా రంగుల మిల్లులు, మరోవైపు ఖజోద్‌లో 2023 డిసెంబరులో ప్రారంభమైన వజ్రాల వ్యాపార కేంద్రం డైమండ్ బోర్స్. లింబాయత్, ఉధ్నా వైపు వెళితే దశాబ్దాల కిందట మరమగ్గాల పనికి వచ్చి స్థిరపడిన తెలుగు నేత కుటుంబాలు కనిపిస్తాయి. వారిలో ఎక్కువమంది తెలంగాణ పద్మశాలీలు. సూరత్ నగరపాలిక తెలుగు మాధ్యమంలోనూ ప్రాథమిక బడులు నడుపుతూ వచ్చిందంటే ఇక్కడి తెలుగువాళ్ల సంఖ్య ఎంతో ఊహించుకోవచ్చు. నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే వరంగల్‌లో దిగొచ్చు. రైలు దిగేదాకా ఊరు వినిపించేది ఫోన్లోనే, అదీ ఎక్కువగా పాటగానే.

రాము రాథోడ్, ప్రభ పాడిన ‘రాను బొంబాయికి రాను’ అలాంటి పాటల్లో ముందు చెప్పుకోవలసింది. పాలమూరు నుంచి వచ్చిన రాము రాథోడ్‌కు ఈ పాట కోట్లాది శ్రోతలను తెచ్చిపెట్టింది. అతను రమ్మంటాడు, ఆమె రానంటుంది. అతను ఆశలు చూపిస్తాడు, ఆమె మాట మార్చదు. పాటంతా ఇంతే. ఎదురుబొదురుగా నిలబడి మాటకు మాట అప్పజెప్పే ఈ సంవాదం జానపదంలో చాలా పాతది. బావా మరదళ్ల సరసాల్లోనూ, నాట్ల దగ్గర రెండు జట్లుగా పాడుకునే పాటల్లోనూ ఉంది. దీనివల్ల కథకుడితో పని ఉండదు, ఇద్దరు మనుషులు మన ముందే పోట్లాడుకుంటున్నట్టు ఉంటుంది. బొంబాయి బస్సులు ఎక్కీ ఎక్కీ అలసిపోయిన పాలమూరు నేల నుంచి వలస వెళ్లనని మొండికేసే ఆడమనిషి గొంతు ఇంత ఉల్లాసంగా రావడంలోనే దీని బలం ఉంది. చిందేయించే దరువు మీద నడుస్తుంది కాబట్టి పెళ్లి ఊరేగింపులో వాయిస్తారు. కానీ అందులో ఉన్నది ప్రతి వలస ఇంట్లోనూ ఒక్కసారైనా జరిగిన వాదన.

2021లో వచ్చిన ‘బుల్లెట్టు బండి’ది ఇంకో రకం నేర్పు. లక్ష్మణ్ రాసిన ఈ పాటకు ఎస్.కె. బాజీ బాణీ కట్టగా మోహన భోగరాజు పాడారు. ‘బాహుబలి’లో ‘మనోహరి’ పాడిన గొంతు అది. మన అప్పగింతల పాటల్లో పెళ్లికూతురి గురించి తల్లో, ముత్తయిదువలో పాడతారు. ఆ పిల్ల తలవంచుకుని కళ్లు తుడుచుకుంటూ ఉంటుంది. ఇక్కడ ఆ పిల్లే నోరు విప్పింది. తానెలా పెరిగిందో, ఎలా ముస్తాబైందో, పెళ్లికొడుకు బండెక్కి ఎలా వస్తుందో తనే చెబుతుంది. పాత సందర్భాన్ని అలాగే ఉంచి పాడే మనిషిని మార్చడం చిన్న పనిలా కనిపిస్తుంది. అప్పగింతల పాటను ఆహ్వానపు పాటగా మలిచింది ఆ మార్పే. తెలుగు పెళ్లిళ్లలో వధువులు ఈ పాటకు ఆడటం ఆనవాయితీ అయ్యిందంటే, ఇన్నాళ్లూ వాళ్లకు దొరకని మాట ఏదో ఇందులో దొరికిందన్నమాట.

పదాల తర్వాత చూడవలసినది దరువు. ఈ పాటలకు ప్రాణం డప్పు. చెక్క చట్రానికి మేకతోలు బిగించి, వాయించే ముందు మంట దగ్గర కాచి తోలును బిర్రుగా చేస్తారు. ఒక చేతిలో మందపాటి చిర్ర, మరో చేతిలో సన్నటి సిటికెన పుల్ల. చిర్ర గట్టి దెబ్బ వేస్తుంటే సిటికెన పుల్ల ఆ దెబ్బల మధ్య ఖాళీని చిటచిటలతో నింపుతుంది. నడక ఎక్కువగా తిశ్రం, మూడేసి మాత్రల ఊపు. అడుగు వేస్తూ పాడటానికి, వంగి నాటు వేస్తూ పాడటానికి అనువైన నడక ఇదే. స్టూడియోలో కీబోర్డు ఈ దరువును అనుకరిస్తుంది. చాలా పాటల్లో ఆ అనుకరణ సరిపోతుంది. నిజమైన డప్పు మోగిన పాటలో మాత్రం తోలు వేడి వినిపిస్తుంది.

ఇక వంత. బతుకమ్మ పాటలో పాదం పాదానికీ ‘ఉయ్యాలో’ అనో ‘చందమామ’ అనో వచ్చే మాట అలంకారానికి పెట్టినది కాదు. గుంపు ఆ మాట అందుకున్నంతసేపూ ముందు పాడే మనిషికి ఊపిరి తీసుకునే వీలు, తర్వాతి పాదం గుర్తు చేసుకునే వీలు, కావాలంటే అప్పటికప్పుడు కొత్త పాదం అల్లుకునే వీలు దొరుకుతాయి. ఒగ్గుకథకూ చిందు యక్షగానానికీ ఇదే ఆధారం. బాణీ కూడా ఐదారు స్వరాలకు మించి పోదు కనుక సంగీతం నేర్వని గొంతు కూడా మొదటిసారికే అందుకుంటుంది. ఇప్పటి స్వతంత్ర పాటల పల్లవులు రెండోసారికే నోటికి రావడానికి కారణం ఈ పాత పద్ధతే.

రాక్ వైపు నుంచి ఈ దారిలోకి వచ్చినవాళ్లూ ఉన్నారు. హైదరాబాద్‌లో రాక్‌కు కొదవలేదు. గాడ్‌లెస్ వంటి మెటల్ బ్యాండు 2021లో ‘స్టేట్స్ ఆఫ్ కేయాస్’ ఆల్బమ్ తెచ్చింది. కానీ ఆ పాటలు ఇంగ్లిషులో ఉంటాయి. గిటారుకు తెలుగు పల్లె మాటను కలిపి నిలబెట్టిన బ్యాండు చౌరస్తా. రామ్ మిరియాల గొంతుతో వచ్చిన వాళ్ల ‘ఊరెళ్లిపోతా మామ’ నాకెప్పుడూ పాతబడదు. వీళ్లు ఆసరా తీసుకున్నది జమైకా రెగ్గేని. అందులో మన చెవి దెబ్బ కోసం ఎదురుచూసే చోట గిటారు ఊరుకుంటుంది, ఖాళీ అనుకున్న చోట మీటుతుంది. కింద బేస్ బరువుగా, నింపాదిగా నడుస్తుంది. ఆ నింపాదితనంలో తెలుగు మాట సాగదీతకు, అచ్చుతో ముగిసే పదాలకు చోటు దొరికింది. 2020లో కరోనా రోజుల్లో ‘చేతులెత్తి మొక్కుత’ అని ఊరూరా వినిపించిన పాట కూడా వీళ్లదే. రామ్ మిరియాల తర్వాత సినిమాకు వెళ్లి 2022లో ‘డీజే టిల్లు’ టైటిల్ పాట చేశారు.

దీనికంతటికీ వెనక పెద్ద వారసత్వం ఉంది. 1972లో మొదలైన జన నాట్య మండలిలో గద్దర్ ఒక గొంగడి, ఒక కర్ర, కాళ్లకు గజ్జెలు, పక్కన డప్పుతో వేలమందిని నిలబెట్టారు. 2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం ఆ పాటను తెలంగాణ ఉద్యమ వేదికల మీదికి తెచ్చింది. గోరటి వెంకన్న ‘పల్లె కన్నీరు పెడుతుందో’ పాటలో చేతివృత్తులు కూలిపోవడాన్ని ఒక్కొక్క వృత్తి పేరూ చెప్పి చూపించారు. ఆ పాటను తర్వాత ‘కుబుసం’ సినిమా తీసుకుంది. సినిమా వెతుక్కుంటూ పాట దగ్గరికి వచ్చిన సందర్భాల్లో అది ఒకటి.

అలా వచ్చినప్పుడే ఒక బాధ్యత కూడా వస్తుంది. ‘సారంగ దరియా’ పల్లెల్లో నోటి నుంచి నోటికి నడిచిన పాట. ‘రేలా రే రేలా’ టీవీ వేదిక మీద కోమలి పాడగా లోకానికి తెలిసింది. 2021లో ‘లవ్ స్టోరీ’ సినిమా కోసం సుద్దాల అశోక్ తేజ కొత్త చరణాలు రాశారు, మంగ్లి పాడారు, దేశమంతా ఆడింది. పాటను మోసుకొచ్చిన కోమలికి దక్కవలసిన గుర్తింపు సంగతి ఆ తర్వాత గట్టిగా చర్చకు వచ్చింది. ఆ చర్చ జరగడం మంచిదైంది. జానపదానికి కర్త తెలియకపోవచ్చు, కానీ దాన్ని దాచి, గుర్తుపెట్టుకుని, పాడి అందించిన మనిషి పేరు తెలుసు. ఆ పేరు తెర మీదికి రావాలి, ఆ చేతికి డబ్బూ అందాలి.

ఈ తోవలో లోపాలు లేకపోలేదు. ఒక పాట గెలిస్తే అదే బాణీ, అదే దరువు, అదే మరదలితో పది పాటలు వస్తున్నాయి. మంచిదాన్ని ఏరుకోవడానికి నేను నమ్మే పరీక్ష ఒకటే: వాయిద్యాలన్నీ ఆపేసి, ఒక్క గొంతుతో పాడి చూడాలి. అప్పటికీ మనుషులు, ఊరు, తగవు కళ్ల ముందు కనిపిస్తే అది పాట. పైన చెప్పినవన్నీ ఈ పరీక్షకు నిలుస్తాయి.

అందుకే నాకొక పాట కావాలి. పాటలోకి బొంబాయి వచ్చింది, దుబాయి వచ్చింది. సూరత్ కూడా రావాలి. పగటి పాళీ దిగిన మనిషి రాత్రి పాళీ మనిషికి సాంచాలు (మరమగ్గాలు) అప్పజెప్పే వేళ, కండెలు చుట్టే ఆడవాళ్లు, పాండేసరా మిల్లుల రంగునీళ్లు, ఇంట్లో తెలుగు, వీధిలో గుజరాతీ మాట్లాడే పిల్లలు, సిరిసిల్లలో మిగిలిపోయిన ముసలి తల్లి. ఆ తల్లి రమ్మంటుంది, కొడుకు ఇప్పుడే రాలేనంటాడు. సంవాదానికి ఇద్దరు మనుషులూ సిద్ధంగా ఉన్నారు, మగ్గాల చప్పుడులో దరువూ ఉంది. దాన్ని రాయగలిగినవాళ్లు ఆ మగ్గాల మధ్య పెరిగిన పిల్లలే. వాళ్లకు తెలుగు చదవడం, రాయడం నేర్పే బడి నిలబడితే ఆ పాటా వస్తుంది.