యజ్దానీ అచ్చేయించిన అజంతా

నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియానికి పిల్లలతో వచ్చేవాళ్లు ముందుగా అడిగేది ఈజిప్టు మమ్మీ ఎక్కడుందని. తప్పులేదు, మమ్మీ మమ్మీయే. అక్కడే అజంతా గ్యాలరీ కూడా ఉంది. ఖాన్ బహదూర్ సయ్యద్ అహ్మద్, మహమ్మద్ జలాలుద్దీన్ గుహల్లోని బొమ్మలకు తీసిన నకళ్లు అందులో ఉన్నాయి. ఆ రోజుల్లోనే హైదరాబాద్ పూనికతో ఇంకో అజంతా తయారైంది. అది పుస్తకం. గులాం యజ్దానీ 'అజంతా' నాలుగు భాగాలుగా 1930, 1933, 1946, 1955లలో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ ప్రచురణగా వచ్చింది. ప్రతి భాగంలోనూ వివరణ ఒక సంపుటం, చిత్రఫలకాలు ఇంకో సంపుటం. మొదటి భాగానికి ఉపోద్ఘాతం ఇంగ్లీషు కవి లారెన్స్ బినియన్‌ది. ఖర్చు పెట్టుకున్నది నిజాం ప్రభుత్వం. ఆఖరి భాగం వచ్చేనాటికి ఆ ప్రభుత్వమే లేదు.

యజ్దానీ 1885లో ఢిల్లీలో పుట్టారు. 1914లో హైదరాబాద్ సంస్థానం పురావస్తు శాఖ పెట్టి ఆయన చేతికిచ్చింది. 1943 దాకా ఆయనే డైరెక్టర్. అరబ్బీ, పారసీ శాసనాలు చదవడంలో దిట్ట. మన రామప్ప గుడి మీద, అంటే పాలంపేట ఆలయాల మీద, 1922లోనే ఆయన సచిత్ర గ్రంథం వెలువడింది. మాండూ మీద 1929లో, బీదర్ మీద 1947లో పుస్తకాలు వచ్చాయి. కట్టడానికి మరమ్మతు చేయించడం, దాన్ని చక్కగా అచ్చు వేయించడం ఆయనకు రెండు పనులు కావనిపిస్తుంది.

అజంతాను కాగితం మీదికి దించాలన్న ఆశ అంతకుముందే చాలామందిని పీడించింది. రాబర్ట్ గిల్ 1844 నుంచి ఏళ్ల తరబడి వేసిన బొమ్మల్లో చాలాభాగం 1866లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ మంటల్లో కాలిపోయింది. జాన్ గ్రిఫిత్స్ బొంబాయి ఆర్ట్ స్కూలు విద్యార్థులతో వేయించిన వాటిలోనూ ఎన్నో 1885లో సౌత్ కెన్సింగ్టన్‌లో దగ్ధమయ్యాయి. ఆయన పుస్తకం 1896లో వచ్చింది. తర్వాత హెరింగ్‌హామ్ దొరసాని నందలాల్ బోస్, అసిత్ హల్దార్ వంటి వాళ్లను వెంటబెట్టుకుని నకళ్లు తీయించి 1915లో అచ్చు వేయించారు. ఆ బృందంలో మన సయ్యద్ అహ్మద్ కూడా ఉన్నారు.

వీళ్లంతా చిత్రకారులే, పనిమంతులే. చిక్కు కూడా అక్కడే ఉంది. పెచ్చు ఊడిన చోట కన్ను ఊరుకోదు. పోయిన ముక్కును చెయ్యి తనంతట తాను గీసేస్తుంది. నకలు అందంగా ఉంటుంది గానీ ఎంతవరకు పాతది, ఎక్కడి నుంచి కొత్తది అన్నది చూసేవాడికి అంతుపట్టదు. యజ్దానీ పుస్తకం పేరులోనే ఇవి ఫొటోగ్రఫీ ఆధారంగా చేసిన ప్రతిరూపాలని రాసి ఉంటుంది. అది గొప్పకు పెట్టుకున్న మాట కాదు, ఒక పూచీకత్తు.

ముందు గోడ నిలబడాలి కదా. 1920లో ఇటలీ నుంచి చెక్కోని, ఒర్సీని అనే ఇద్దరు నిపుణుల్ని రప్పించి, ఊడిపోతున్న పూతను అతికించారు. వాళ్లు పైన పూసిన లక్క వార్నిష్ తర్వాత కాలంలో రంగులను మసకబార్చింది, అది వేరే కథ. ఆ తర్వాత ఇ.ఎల్. వాసీ కెమెరాతో దిగారు.

రంగుల అచ్చు ఆనాటి తెలుగు పాఠకులకు తెలియనిది కాదు. 1924లో మొదలైన 'భారతి' పత్రికలో నున్నటి కాగితం మీద త్రివర్ణ చిత్రాలు వచ్చేవి. సూత్రం ఇదీ: ఒకే బొమ్మను మూడుసార్లు ఫొటో తీస్తారు. ఎర్రగాజు అడ్డుపెట్టి తీసిన నెగటివ్ నుంచి నీలం ఇంకు బ్లాకు, ఆకుపచ్చ గాజుతో తీసిన దాన్నుంచి ఎరుపు బ్లాకు, నీలిగాజుతో తీసిన దాన్నుంచి పసుపు బ్లాకు తయారవుతాయి. బ్లాకు మీద రంగు సన్నని చుక్కలుగా విడిపోయి ఉంటుంది. మూడింటి చుక్కల వరసలూ ఒకే వాలులో ఉంటే బొమ్మ మీద అల్లికలాంటి గీతలు తేలతాయి కాబట్టి ఒక్కోదాన్ని ఒక్కో కోణంలో తిప్పుతారు. ఇక కాగితం మూడుసార్లు మిషనెక్కాలి. వెంట్రుకవాసి జరిగినా పెదవి ఎరుపు చెంప మీదికి పాకుతుంది. రిజిస్టర్ కుదరలేదని ప్రెస్సువాళ్లు తల పట్టుకునేది అప్పుడే.

స్టూడియోలోనే ఇంత తంటా. గుహలో పగలే చీకటి, గోడ ఎగుడుదిగుడు, మూడు ఫొటోల మధ్య కెమెరా కదలకూడదు, వెలుతురు మారకూడదు. ప్రూఫు వచ్చాక రంగు సరిచూడాలంటే మూలం పక్కన ఉండాలి. మూలమేమో వాఘోరా వాగు పక్క కొండలో, ప్రచురణకర్తలేమో లండన్‌లో!

ఇంత చేసిన యజ్దానీ వ్యాఖ్యానం మాత్రం పాతబడింది. తర్వాతి పరిశోధకుల్లో డీటర్ ష్లింగ్లాఫ్ ఎన్నో బొమ్మల కథలను కొత్తగా గుర్తుపట్టారు. యజ్దానీ శతాబ్దాల పొడుగునా పరిచిన మలిదశ గుహలను వాల్టర్ స్పింక్ 5వ శతాబ్దపు రెండో సగంలోని కొద్ది దశాబ్దాలకు కుదించారు. దాన్నీ అందరూ ఒప్పుకోలేదు. ఈ వాదాల్లో ఎవరు నెగ్గినా ఫలకాలతో పని తీరదు. ఫొటో తీసిన నాటికి గోడ మీద ఏముందో, ఏం లేదో చెప్పే సాక్ష్యాలు అవి. రాసిన మాటకంటే వేయించిన అచ్చు ఎక్కువ కాలం నిలవడం పండితుడికి చిన్నతనంగా తోచవచ్చు. నాకైతే యజ్దానీ గెలుపు అదే.

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత కళాగ్రంథాల విడి ఫలకాలు ఎప్పుడైనా చేతికొస్తే భూతద్దం పెట్టి చూడండి. వరసలు తీరిన చుక్కలుంటే హాఫ్‌టోన్. చుక్కల వరస లేకుండా ముడతల్లాంటి సన్నని రేణువులుంటే కొలోటైప్. బొమ్మ అంచున పసుపో నీలమో గీతలా బయటికొచ్చి కనిపిస్తే రిజిస్టర్ తప్పింది. ఫలకం సంఖ్య ఉన్న మార్జిన్‌ను కత్తిరించి ఫ్రేము కట్టిస్తే మాత్రం అది ఏ గుహదో, ఏ గోడదో చెప్పే ఆధారం పోయినట్టే. అలాంటిదానికి బేరం గట్టిగా ఆడండి.