ఒక్క డోరు, ఒక గన్

ఎల్బీనగర్ దాటి విజయవాడ రోడ్డు పట్టుకుంటే, హరిణ వనస్థలి పార్కు దగ్గర ఆటోనగర్ వస్తుంది. అక్కడా, ఇటు దిల్‌సుఖ్‌నగర్ సందుల్లోనూ డెంటింగ్, పెయింటింగ్ షెడ్లకు కొదవ లేదు. పనితనం చూడాలంటే వెండిరంగు కారుకు ఒకే ఒక్క డోరు రంగు వేయించుకుంటున్న రోజు వెళ్లాలి. కారు మొత్తానికి వేయడమే నయం. అప్పుడు పక్కన పాత డోరు నిలబడి సాక్ష్యం చెప్పదు.

మెటాలిక్ రంగులో సన్నటి అల్యూమినియం రేకులుంటాయి. స్ప్రే గన్ కాస్త దూరమైనా, గాలి ఎక్కువైనా తుంపర దారిలోనే సగం ఆరిపోతుంది. రేకులు వెల్లకిలా పడుకుని డోరు తెల్లగా తేలుతుంది. దగ్గరికి తెస్తే తడి ఎక్కువై, రేకులు అడ్డదిడ్డంగా లోపలికి దిగి నల్లబడుతుంది. డబ్బా ఒకటే, షేడ్లు రెండు! రంగు కోడ్ చూసి మెషిన్ కలిపిచ్చిన షేడుకు ఆఖరి మార్పు చేసేది పెయింటర్ చెయ్యే.

గన్ చూడ్డానికి చిన్నదే. ట్రిగ్గర్ కొద్దిగా నొక్కితే గాలి ఒక్కటే వస్తుంది. ఇంకాస్త నొక్కితే లోపలి సూది వెనక్కి జరిగి రంగు బయటికొస్తుంది. నాజిల్ చుట్టూ ఉన్న సందులోంచి దూసుకొచ్చే గాలి దాన్ని తుంపర చేస్తే, ఎయిర్‌క్యాప్ కొమ్ముల్లోంచి వచ్చే గాలి ఆ గుండ్రటి తుంపరను రెండు పక్కలా అదిమి పొడుగ్గా సాగదీస్తుంది. ప్రైమర్ చిక్కన, కాబట్టి 1.7 లేదా 1.8 మి.మీ. నాజిల్; రంగుకు, దానిపై కొట్టే పారదర్శక పూత క్లియర్‌కు 1.3 లేదా 1.4 చాలు. నాబులు తిప్పి, ముందు పాత అట్టముక్క మీద కొట్టి చూసుకోనివాడు ఎంత సీనియర్ అయినా నాకు నమ్మకం కుదరదు.

ఇక చెయ్యి. గన్‌కూ డోరుకూ మధ్య ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు. కదలాల్సింది భుజం. మణికట్టు విసనకర్ర ఊపినట్టు తిరిగితే నడుమ దట్టంగా, అంచుల్లో పలచగా పడుతుంది. డోరు అంచు రాకముందే చెయ్యి కదులుతుంది, ఆ తర్వాతే ట్రిగ్గర్. అవతలి అంచు దాటాక ట్రిగ్గర్ వదిలినా చెయ్యి ఆగదు. ప్రతి వరసా ముందు వరసను సగం కప్పుతుంది. మంచి పెయింటర్ వరసలు చూస్తుంటే మధ్యలో మాట్లాడించబుద్ధి కాదు.

ఈ పనిముట్టు పుట్టుక వైద్యంలో. అమెరికాలోని టొలీడోలో అలెన్ డెవిల్‌బిస్ అనే డాక్టరు గొంతులో మందు చల్లడానికి చేసిన పరికరాన్ని, ఆయన కొడుకు థామస్ రంగుకు మళ్లించాడు. బ్రష్షుతో కారుకు వార్నిష్ వేస్తే వారాలు పట్టే రోజులవి. 1924 మోడల్ ఓక్లాండ్ కార్లకు జనరల్ మోటార్స్ డ్యూకో అనే లాకర్ కొట్టడంతో ఆ బెడద తీరింది. పాత పెయింటర్ల నోట స్ప్రే పనికి ‘డ్యూకో’ అనే పేరు అందుకే నిలిచింది.

ఇక్కడి షెడ్లకు వానాకాలం అసలు పరీక్ష. కంప్రెసర్ ట్యాంకులో చేరిన నీళ్లు వదలకపోతే గాలితోపాటు చుక్కలొచ్చి రంగు పాడవుతుంది. ఆ గాలిలో నూనె వస్తే, తగిలిన చోట రంగు నిలవక గుంటలు పడతాయి.

షేడు ఎంత కుదిరినా పనిమంతుడు డోరు అంచు దగ్గర గీత గీసినట్టు ఆపడు. రంగును పక్క ఫెండర్ మీదికి పలచబరుస్తూ తీసుకెళ్లి కలిపేస్తాడు. ఆ పైన రెంటికీ నిండా క్లియర్. బిల్లు మాత్రం చాలాసార్లు ఒక్క డోరుకే!

ఆ క్లియర్‌లో కలిపే హార్డెనర్‌లో ఐసోసయనేట్లుంటాయి. ఉబ్బసం తెచ్చిపెట్టగల రసాయనాలవి. ముక్కుకు కట్టిన చేతిరుమాలు వాటినేమీ ఆపదు. బయటి గాలి అందించే మాస్కు కావాలి. ఇంత నేర్పున్న చేతుల పక్కన ఆ రుమాలు చూస్తే నాకు కోపమొస్తుంది.

హార్డెనర్ కలిసిన క్లియర్ గన్‌లోనూ గట్టిపడుతుంది, అందుకే పని కాగానే కడగాలి. గన్ మొత్తాన్ని థిన్నర్‌లో నానబెడితే లోపలి వాషర్లు చెడతాయి. మూసుకుపోయిన నాజిల్‌ను ఇనుప తీగతో పొడిస్తే రంధ్రం గుండ్రం తప్పి తుంపర ఒక పక్కకు వాలుతుంది. కొత్త షెడ్డులో బండి అప్పగించే ముందు, రేటు అడగడంతోపాటు ఆ నాజిల్ కూడా ఒకసారి చూపించమనండి.